పెరుగుటకు పెక్కు పేరులు



నేటి నా ప్రసంగము కొన్ని మాటలను గూర్చినది. ఏదేని యొకటి అకస్మాత్తుగా హెచ్చినప్పుడు ఇంగ్లీషువారు వాడు మాటలు పెక్కు గలవు. స్పైక్, సర్జ్, సోర్, బూమ్, స్కైరాకెట్ మున్నగునవి మన వార్తాపత్రికలలోనికిని, అంగడి సంభాషణలలోనికిని వచ్చి చేరినవి. వీనినన్నిటిని "పెరిగినది" యని తెనిగించి తృప్తిపడుట మనకు పరిపాటియైనది. అందువలన గలుగు నష్టమును అనంతపురము సీమను దృష్టియందుంచుకొని మనవిచేసెదను. పెరిగినది నిలుచునా, దిగునా యనునదే ఈ కరవుసీమ కాపునకు ప్రాణసమస్య.

మొదట నీటి సంగతి. ఈ సీమలో ఏడాదికి కురియు వాన సుమారు 550 మిల్లీమీటర్లు. నైరుతి మేఘములను పడమటి కనుమలు అడ్డగించును. ఈశాన్యపు వానలు తూర్పుతీరముననే చాలవరకు కురిసిపోవును. ఈ పీఠభూమికి దక్కునది రెండు దిక్కుల మిగులు మాత్రమే. చిత్రావతి సంవత్సరములో పెక్కు మాసములు ఇసుకబాటగా నుండును. అట్టి యేరు 2021 నవంబరులో పొంగగా, నడియేట చిక్కుకొన్నవారిని హెలికాప్టరుతో రక్షింపవలసి వచ్చినది. మరుసటి యేడు అక్టోబరులో నడిమివంక పొంగి అనంతపురము పట్టణములోని పల్లపు పేటలను ముంచినది.

దీనిని సర్జ్ అనవచ్చునా? ఆ మాట "లేచుట" యను అర్థముగల లాటిన్ ధాతువునుండి పుట్టి, సముద్రపు కెరటమునకు పేరైనది. అందు కడలి స్వభావ మున్నది. మన కోస్తావారికి అట్టి మాట యొకటి ఎన్నడో కలదు, అదియే ఉప్పెన. 1977 నవంబరు 19వ తేదీన దివిసీమను ముంచినది వాననీరు గాదు, తుపాను తరిమిన సముద్రము. కావున "స్టార్మ్ సర్జ్" అనుటకు ఉప్పెనకంటె మంచి మాట వెదకనక్కరలేదు. అనంతపురమునకు సముద్రము లేదు. ఇచ్చటివారు "వంక పొంగినది" అందురు. పొయ్యిమీది పాలవలె అది చూచుచుండగనే లేచును, చూచుచుండగనే అణగును. అణగక మునుపే ఆ నీటిని పట్టి నిలుపవలెనని విజయనగర ప్రభువుల కాలమున బుక్కరాయసముద్రము వంటి చెరువులు కట్టిరి. పొంగు నిలువదని ఎఱిగినవారే కట్ట కట్టుదురు.

ఇక ధరల సంగతి. స్పైక్ అనగా ఇనుప మేకు. కాగితముపై ధరల గీత గీచినప్పుడు మేకుమొనవలె నిలువునా లేచి, వెంటనే దిగు గీతకు అది పేరు. సోర్ అనగా గ్రద్దవలె పైకెగిరి, పైననే తిరుగుట. స్కైరాకెట్ మన తారాజువ్వ. రాకెట్ అను పేరు నూలుకండెకు ఇటాలియనులు వాడు మాటనుండి వచ్చినది. ఇనుపగొట్టముల రాకెట్లను యుద్ధమున ప్రయోగించి ఇంగ్లీషువారిని బెదరగొట్టినవారు మన పొరుగున మైసూరును ఏలిన హైదరాలీ, టిప్పుసుల్తానులు. వానిని చూచి నేర్చియే కాంగ్రీవు తన రాకెట్లను ఇంగ్లండులో తయారుచేసెను. తారాజువ్వ ఎంత వేగముగ ఎగిరినను మరల నేలకు రావలసినదే. ధరలను తారాజువ్వతో పోల్చువారు ఆ రెండవ సగమును మఱచుచున్నారు.

మేకునకును గ్రద్దకును గల ఈ భేదము పండితుల వినోదము కాదు. 1876లో వానలు రెండు కారులందును తప్పినవి. దానిని జనులు ధాత కరువందురు. అనంతపురము అప్పటికి వేరు జిల్లా కాదు. 1882 వరకు బళ్లారిలో భాగము. నాడు ధాన్యము ధర ఒక్కపెట్టున లేచినది. అది మేకుమొన యైనచో వర్తకమే దానిని దింపును, సర్కారు చేయవలసినది స్వల్పము. గ్రద్ద యైనచో కూలివాని యింట పొయ్యి వెలుగదు. నాటి సర్కారు వర్తకమునే నమ్మెను. రైలుమీద గింజలు వచ్చినను, కొనుటకు కూలివానికడ కాసులు లేవు. లక్షలకొలది జనము నశించిరి. తరువాత 1880లో క్షామవిచారణ సంఘము నివేదిక యిచ్చెను; దానినిబట్టి ఏర్పడిన క్షామ నిబంధనలలో ధరల పెరుగుదల కరవును ముందుగా తెలుపు గుర్తులలో నొకటిగా చేరినది. పెరుగుదలను చదువనేర్చుటకు అంత మూల్యము చెల్లింపవలసి వచ్చినది.

బూమ్ అను మాట మఱియొక తీరుది. అది మొదట ఫిరంగిమ్రోత వంటి ధ్వని. 1870 ప్రాంతములందు అమెరికాలో వ్యాపారపు జోరునకు పేరైనది. వేరుసెనగ, ఇచ్చటివారి శెనక్కాయ, ఈ సీమలో అట్టి జోరునే చూచినది. 1986లో కేంద్రప్రభుత్వము నూనెగింజల సాంకేతిక మిషన్‌ను నెలకొల్పినది. ధర ఆశ చూపెను; కొఱ్ఱ, సజ్జ, జొన్న వెనుకబడెను; లక్షల హెక్టార్లు ఒక్క పంటకే వశమాయెను. జోరును నమ్మి అప్పు తెచ్చిన రైతు, వాన తప్పిన యేట ఆ అప్పుక్రింద నలిగిపోయెను. మ్రోత ఆగినపిమ్మట నిశ్శబ్ద మొకటి వచ్చునని ఆ మాటయే చెప్పుచున్నది, వినువారు తక్కువ.

కావున తెనిగించువారికి నా విన్నపము. లేచి దిగినదానిని "ఎగసిపడినది" యనుడు. లేచి నిలిచినదానిని "ఎక్కి కూర్చున్నది" యనుడు. కొంతకాలపు ఊపును "జోరు" అనుడు. వానకు మొలిచినట్లు పలుచోట్ల ఒక్కసారిగా వెలసినవానిని "పుట్టగొడుగుల"నుడు. ఇంగ్లీషువారి మష్రూమ్ కూడ అదియే. ఈ మాటలు మన యిండ్లలో నున్నవే.

మన ఆడువారు అంగడినుండి వచ్చి "ధరలు కొండెక్కిన"వందురు. దీపము ఆరినప్పుడును, ఆరినదనుట అశుభమని, "కొండెక్కిన"దనియే అందురు. ఒక్కమాటలో ఈ రెండర్థములును ఇమిడియున్నవి. ధరలు కొండెక్కినవని పత్రికలో చదివినప్పుడు, ఎవరి యింట దీపము కొండెక్కినదో కూడ విచారింపవలెనని కోరుచు సెలవు తీసికొనుచున్నాను.