మధ్యాహ్న భోజనం – మెదడుకు మేలు
(వార్షికోత్సవ సభలో మహిళా విభాగం తరపున చేసిన ప్రసంగ పాఠం)



చదువుల గురించి, స్కాలర్‌షిప్పుల గురించి పెద్దలు చెప్పారు. మేము వంటింటి మాట ఒకటి మనవి చేసుకుంటాము.

ఇంట్లో దాదీ, నానీ మనుమల పేర్లు మరచిపోతుంటే "ముసలితనం కదా" అని సరిపెట్టుకుంటాము. కాని మతిమరుపు జబ్బు వయసుతోపాటు తప్పక రావలసినది కాదు. 2024లో లాన్సెట్ వైద్య పత్రిక నియమించిన నిపుణుల సంఘం దీనికి దారితీసే 14 కారణాలను లెక్కగట్టింది. రక్తపోటు, మధుమేహం, చెడు కొలెస్టరాల్, ఊబకాయం వాటిలో ఉన్నవి. అన్నిటినీ అదుపు చేయగలిగితే సుమారు 45 శాతం జబ్బును తప్పించడమో, వెనక్కు నెట్టడమో సాధ్యమని వారి అంచనా. ఈ నాలుగింటికీ మన పళ్లెంతో సంబంధం ఉన్నదా లేదా, మీరే చెప్పండి.

మెదడు బరువు శరీరంలో 2 శాతమే. ఐనా ఊరక కూర్చున్నా శరీరం వాడే శక్తిలో 20 శాతం దానికే పోతుంది. ఆ శక్తిని చేరవేసేవి సన్నటి రక్తనాళాలు. అందుకే గుండెకు మంచి చేసే తిండే మెదడుకూ మంచిది.

2015లో చికాగోలోని రష్ విశ్వవిద్యాలయం వారు "మైండ్" అనే భోజన పద్ధతిని ప్రకటించారు. ఆకుకూరలు, పప్పులు, గింజలు, చేపలు ఎక్కువ; వెన్న, వేపుళ్లు, మిఠాయిలు, మేక–గొడ్డు మాంసాలు తక్కువ. ఐతే 2023లో వెలువడిన మూడేళ్ల పరీక్షలో, ఈ పద్ధతి పాటించినవారికీ, మామూలు తిండినే కొంచెం తగ్గించి తిన్నవారికీ చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. కనుక ఇది మంత్రం కాదు. ఏళ్ల తరబడి నిలుపుకోవలసిన అలవాటు.

దీనికి కొత్త వంట అక్కరలేదు. హైదరాబాదు ఇళ్లలో పొద్దున చేసే ఖిచిడీ–ఖట్టానే కొద్దిగా మార్చి మధ్యాహ్నానికి పెట్టుకోవచ్చు. నలుగురికి ఒక గ్లాసు బియ్యం, ఒక గ్లాసు మసూర్ పప్పు, సన్నగా తరిగిన రెండు కట్టల పాలకూర, చిటికెడు పసుపు, అయిదు గ్లాసుల నీళ్లు. కుక్కర్లో మూడు విజిళ్లు వస్తే చాలు. ఈలోగా నాలుగు చెంచాల నువ్వులు, గుప్పెడు పల్లీలు నూనె లేకుండా వేయించి, పొడికొట్టి, పలుచటి చింతపండు పులుసులో కలపండి. పచ్చి ఉల్లి, పచ్చిమిర్చి, జీలకర్ర పొడి, కొత్తిమీర చేర్చండి. ఉప్పు తగ్గించండి. పాపడ్, ఆవకాయ ఆ పూటకు వద్దు. అరగంటలో పని పూర్తి! కిడ్నీ జబ్బు ఉన్నవారు, రక్తం పలుచన చేసే మందులు వాడేవారు మాత్రం డాక్టరును అడిగి తినాలి.

ఇక అసలు మాట. ఈ వంట చేసేది ఎవరు? అమ్మ. అందరికీ వడ్డించి, మూడు గంటలకు మిగిలిన చల్లన్నంలో పచ్చడి కలుపుకుని తినేదీ అమ్మే. రేపు మరచిపోయే దాదీ ఈనాటి ఆ అమ్మే కదా! కడుపులో మూడో వంతు అన్నానికి, మూడో వంతు నీటికి, మూడో వంతు ఊపిరికి అన్న దైవప్రవక్త (స) బోధ మనకందరికీ తెలుసు. అతిగా తినేవారు తగ్గించుకోవాలి. చివర తినే ఆమె పళ్లెంలోకి ఆకుకూర, పప్పు రావాలి. సోదరులారా, సెలవు రోజునైనా ఆమెను కూర్చోబెట్టి మీరు వడ్డించండి.

అల్లాహ్ మన పెద్దల జ్ఞాపకాన్ని, పిల్లల తెలివిని కాపాడుగాక. ఆమీన్. సెలవు.