మగ్గమును విద్యుచ్ఛక్తియు



నిన్నటి రాత్రి విషయనిర్ణయసభలో రెండు వాదములు చెలరేగి, ఎంతకును తెగక నేటికి వాయిదా పడినవి. చేతిమగ్గములకు బదులు మరమగ్గములు పెట్టుకొనుటకు ప్రభుత్వమువారు ధనసహాయము చేయవలెనని యువకు లొకరు తీర్మానము తెచ్చిరి. నేతవాని యింట విద్యుచ్ఛక్తి యడుగిడినచో కులవిద్య నశించునని పెద్ద లొకరు దాని నెదిరించిరి. అధ్యక్షులవారి యాజ్ఞచే నేను మాటలాడుచున్నాను గాని, ఉభయపక్షములకును కొంత యప్రియుడనే యగుదునని యెరుగుదును.

ముందు పెద్దలకు మనవి. యంత్రోపాయము మనకు క్రొత్త గాదు. గుంటమగ్గమున గూర్చుండి త్రాడులాగి నాడెను పరుగెత్తించుచున్నామే, ఆ యుపాయము 1733లో ఇంగ్లండున జాన్ కే యనువాడు కనిపెట్టినది. పరాయిదని మన పూర్వులు దానిని త్రోసివేయలేదు.

బృహదారణ్యకమున గార్గి యాజ్ఞవల్క్యుని బ్రశ్నించునప్పుడు, ఈ సర్వమును దేనియందు పడుగు పేకలుగ నల్లబడి యున్నదని యడిగినది. బ్రహ్మవిచారమునకు మన మగ్గమే యుపమాన మైనది. (ఈ మాట బడిలో నెన్ని మారులు చెప్పితినో! పిల్లలు నవ్వుకొనెడివారు.) కాని ఆ పడుగు పేకలను సిద్ధపరచు చేతి నొప్పి యెట్టిదో ఉపనిషత్తు చెప్పలేదు. పోచంపల్లి పరిసరములందు చిటికి వస్త్రము నేయుటకు ముందు ఆసు పోయవలెను. అర్ధచంద్రాకారముగ నాటిన మేకులకును, ఎదుటి యొంటిమేకునకును నడుమ స్త్రీ తన చేతితో దారమును త్రిప్పుచుండవలెను. ఒక్క చీరకు సుమారు 9,000 మారులు చేయి పోవలెను, రావలెను. నాలుగైదు గంటల పని. కొన్నియేండ్లకు భుజము పనికిరాకుండ పోవును. బడికి రాని బాలికలను మరునాడు కారణ మడిగినచో, అమ్మకు చేయి లేవనందున తామే ఆసు పోసితిమని చెప్పెడివారు. వారిని శిక్షించుటకు నాకు మనసొప్పెడిది కాదు.

ఆలేరు ప్రాంతమున శారాజీపేటవాసి చింతకింది మల్లేశంగారు ఆరవ తరగతితో చదువు మానినవారు. తల్లి లక్ష్మిగారి బాధ చూడలేక యేండ్లతరబడి కష్టపడి 1999లో ఆసుయంత్రమును సిద్ధపరచి, దానికి తల్లి పేరే పెట్టిరి. అది గంటన్నరలో చీర ఆసును ముగించును. 2017లో వారికి పద్మశ్రీ లభించెను. ఆ యంత్రము విద్యుచ్ఛక్తిచేతనే గదా నడచుట! ఐనను నేత చేతిదే, మగ్గ మింటిదే. ఇందుచే నశించిన కులవిద్య యేదియో పెద్దలు సెలవియ్యవలెను.

ఇక యువకులకు. మరమగ్గమున నేసినంతమాత్రమున దానికి యజమాను లగుదుమా? సిరిసిల్లను జూడుడు. నూలు పెట్టు యజమాని యొకడు, సాంచలు గల ఆసామి యొకడు, ఒక్కడే పెక్కు సాంచలను గనిపెట్టుచు మీటరు లెక్కను కూలి పుచ్చుకొను కార్మికు డొకడు. 2017లో ప్రభుత్వము బతుకమ్మ చీరలు నేయింప నారంభించినప్పుడు ఆ సాంచలు మ్రోగినవి; 2024లో ఆ చీరల పంపిణీ లేక పోగా ఎన్నియో మూగవోయినవి. కొనువా డొక్కడే యైన సరకునకు శక్తి యెంత చౌకగ దొరికినను ఫలమేమి?

మరియొక సంగతి. 1985 చట్టము చేతిమగ్గమునకు ప్రత్యేకించిన రకములు తొలుత 22. పిదప అవి 11 అయినవి. మిల్లులు తప్పక తీయవలసిన చిలపనూలు భాగమును 2019లో నూటికి 40 నుండి 30కి తగ్గించిరి. 2020లో అఖిలభారత చేనేతబోర్డు రద్దయినది. ఈ మూడింటిలో నేదియు యంత్రము చేసిన పని కాదు, కాగితముపై జరిగినది. మనము మోటారును తిట్టుచు కాగితమును చదువుట మరచితిమి.

2009–10 గణనలో దేశమున చేనేతపనివారు 43 లక్షల 31 వేలు. 2019–20లో 35 లక్షల 22 వేలు. తగ్గినవారందరు మరమగ్గముచేతనే పోయిరని నేననను. ఐనను మిగిలినవారిలో నూటికి డెబ్బదిమందికి పైగా స్త్రీలే. నిన్నటి రాత్రి మూడు గంటలు వాదించితిమి. ఒక్క స్త్రీ నైనను మాటలాడుమని యడిగినవారు లేరు. నేనును అడుగలేదు.

కావున తీర్మానమునకు నా సవరణ యిది. ధనసహాయము ముందుగా ఆసు పోయుట, కండెలు చుట్టుట మొదలగు పనుల యంత్రములకు, వాటిని నడపు స్త్రీల పేరనే యియ్యవలెను. మరమగ్గము కోరువానికి ఋణ మిచ్చినచో ఆ మగ్గము వాని సొంతమై యుండవలెను. పరుని సాంచకు కూలివానిని సమకూర్చుటకు మన సంఘము సంతకము పెట్టరాదు. చిలపనూలు భాగమును మరల 40కి పెంచుమనియు, 1985 చట్టమును మీరి నేసిన సరకును పట్టుకొనుమనియు వేరుగ అర్జీ పంపవలెను.

దీనిని బలపరచుటకు ఆ కుడివైపు వరుసలనుండి మా సోదరీమణులలో నొకరు లేవవలెనని ప్రార్థించుచు నా స్థానమునకు బోవుచున్నాను.