గర్భిణి కంచము - బిడ్డ ఆయువు



ప్రహ్లాదుడు తల్లికడుపున నుండగానే నారదుని బోధ వినెనని భాగవత సప్తమస్కంధము చెప్పుచున్నది. పురాణము వినువారు బోధను జ్ఞాపకముంచుకొందురు. దానికి ముందు జరిగినది మరతురు. ఇంద్రుడు చెరపట్టి కొనిపోవుచున్న ఆ గర్భిణిని నారదుడు విడిపించి, భర్త తపస్సు ముగించి వచ్చువరకు తన ఆశ్రమమున నిలిపెను. ముందు తల్లికి రక్షణ, పిమ్మట బిడ్డకు విద్య.

ఈ క్రమమునకు సాక్ష్యము హైదరాబాదు సమీపగ్రామములలో లభించినది. 1987 మొదలు 1990 వరకు 15 గ్రామములలో గర్భిణులకును, బాలింతలకును, ఆరేండ్లలోపు పిల్లలకును మొక్కజొన్న, సోయా కలిపిన పిండితో ఉప్మా వండిపెట్టిరి. ఆ సోయా భైంసా చేలలోను పండునదే. గర్భిణికి దినమునకు దానివలన దక్కినది సుమారు 500 కేలరీలు, 20-25 గ్రాముల మాంసకృత్తులు. మరి 14 గ్రామములకు ఆ యేర్పాటు అప్పటికి రాలేదు. ఆ పిల్లలు 13-18 ఏండ్లవారైన పిదప, 2003-2005 నడుమ పరీక్షించి చూడగా, ఉప్మా పెట్టిన గ్రామములవారు సగటున 14 మిల్లీమీటర్లు ఎక్కువ పొడవుండిరి. లెక్కలు వ్రాయువారికి ఇది అల్పముగా తోచును. కాని వారి రక్తనాళముల బిరుసుతనము తక్కువ. మధుమేహమునకు దారితీయు లక్షణమును తక్కువ. పిల్లలకును పెట్టిరి గనుక ఫలమంతయు గర్భవాసమునదే యనరాదు. అయినను ఒక పూట ఉప్మా పదునైదేండ్లకు లెక్కకు వచ్చినది!

ఇట్లుండగా, బిడ్డ లావైన కానుపు కష్టమగునని గర్భిణికి అన్నము తగ్గించు ఆచారము తెలుగు పల్లెలలో నేటికిని వినబడుచున్నది. బిడ్డ బక్కచిక్కినంత మాత్రాన కానుపు సుఖము కాదు. రక్తము లేని తల్లి మాత్రము కానుపునాటి రక్తస్రావమునకు తాళజాలదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణ గర్భిణులు నూటికి 53 మంది రక్తహీనులని తేలినది. ఇనుము మాత్రలు నాలుగవ నెల నుండి ఇత్తురు. శిశువు వెన్నుపాముగా మారు నాళము మూసికొనుట 28 దినములలోనే ముగియును, అనగా తాను గర్భవతినని తల్లికి తెలియకముందే. కావున ఫోలిక్ ఆమ్లపు మాత్రను గూర్చి కొత్తకోడలు వైద్యుని ముందుగానే అడుగవలెను.

ఇక భైంసా నల్లరేగడి పత్తి సంగతి. మందు కొట్టువాడు పురుషుడే. కాని ఆ మందుకు నీళ్లు మోయునది, మరునాడు ఆ సాళ్లలో కలుపు తీయునది, మందు తడిసిన బట్టలు పిండునది స్త్రీ. ఆమె కడుపుతో నున్నదా యని అడుగువా రెవరు? పురుగుమందుల యంశములు మావి దాటి శిశువును చేరుననుటకు బొడ్డుతాడు రక్తమే సాక్షి. పొయ్యిపొగలోని విషవాయువు తల్లి రక్తమున చేరి బిడ్డకు చేరవలసిన ప్రాణవాయువును తగ్గించును. మందుబట్టలు కొట్టినవాడే ఉతుకుకొనుట, ఖాళీడబ్బాలను ఇంటిలో వాడకుండుట, కానుపగువరకు ఆమెను మందుచేలకు పంపకుండుట, ఇవి కాసు ఖర్చులేని పనులు.

2015లో మొదలైన ఆరోగ్యలక్ష్మి పథకమున గర్భిణికి అంగన్‌వాడీలో భోజనము, గ్రుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు విధించిరి. అక్కడనే కూర్చుండి తినవలెనను నియమమును కొందరు అత్తలు ఆక్షేపించుచున్నారు. ఇంటికి తెచ్చిన గ్రుడ్డు ఎవరి కంచమున పడునో ఆ అత్తలకును తెలియును.