మాట పోయింది, మనిషి పోలేదు
(మార్కాపురంలో మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన పలకల ఫ్యాక్టరీలో పనిచేసిన ఒకామెకు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యీ కాలూ పడిపోయాయి. నీళ్లు అడగబోయి 'చీర' అంటోంది. "మతి పోయింది" అని ఇంట్లోవాళ్లు పొలం కాగితాల మీద వేలిముద్రకు సిద్ధపడ్డారు. "పొలం అమ్మడం ఇష్టమేనా?" అన్నాను. తల అడ్డంగా ఊపింది. "పొలం ఉంచుకుంటావా?" అని మార్చి అడిగాను. ఔనంది.

పక్షవాతంలో మెదడు రక్తనాళం పూడుకుపోతుంది, లేదా చిట్లుతుంది. దెబ్బ ఎక్కడ తగిలిందన్నది ముఖ్యం. చాలామందికి మాట ఎడమ మెదడులో ఉంటుంది. అక్కడ తగిలితే మాట తప్పుతుంది, తెలివి పోయినట్టు కాదు. కుడి మెదడుకు తగిలితే మాట బాగానే ఉన్నా ఎడమవైపు ధ్యాసే ఉండకపోవచ్చు. కంచంలో కుడిపక్క అన్నమే తిని లేస్తుంది. అది పొగరు కాదు, పిచ్చి కాదు, జబ్బు.

మూతి వంకరపోయినా, చెయ్యి పడిపోయినా, మాట తడబడినా వెంటనే 108కి ఫోన్ చెయ్యండి. స్కానింగ్‌లో రక్తస్రావం లేదని తేలాకే గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇస్తారు. అదీ మామూలుగా నాలుగున్నర గంటల లోపే. గిద్దలూరు పల్లెల నుంచి దూరం ఎంతో మీకు తెలుసు. పసరు వైద్యానికి పోయే టైము లేదు.

మెదడు దెబ్బతో శాశ్వతంగా మాట పోవడాన్ని 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం వైకల్యంగా గుర్తించింది. 13వ సెక్షన్ ప్రకారం ఆస్తి హక్కు ఆమెకూ సమానమే. ఆ లావాదేవీలో తన స్వలాభం ఉన్నవాడు ఆమెకు సాయంగా నిలబడకూడదు.

మంచం పక్కన కూర్చుని, ఓపికగా, ఆమెనే అడగండి.