జీ-ప్రోటీన్ తోక పట్టిన యాంటీబాడీ



నడిసంద్రంలో గాలి తిరగబడితే గుండె దడదడలాడుతుంది. అది అడ్రినలిన్ పని. కానీ అడ్రినలిన్ గుండె కణం లోపలికి పోదు. పైపొరలోని రిసెప్టర్‌ను తాకి అక్కడే ఆగిపోతుంది. లోపలికి కబురందించేది జీ-ప్రోటీన్. అది అడెనిలిల్ సైక్లేజ్ అనే ఎంజైమును లేపితే, ఆ ఎంజైము ఏటీపీ నుంచి సైక్లిక్ ఏఎంపీని తయారుచేస్తుంది. ఆ ఏటీపీని 1929లో లోకానికి చూపినవారిలో మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు ఒకరు. ఆయన పేరు తలవకుండా ఈ కథ చెప్పడానికి నాకు మనసొప్పదు.

జీ-ప్రోటీన్లను కనుగొన్నందుకు గిల్మన్, రాడ్‌బెల్‌లకు 1994లో నోబెల్ వచ్చింది. అయితే ఇవి ఒకటి కాదు, చాలా ఉన్నాయి. కొన్ని ఎంజైమును లేపుతాయి, జీఐ రకం అణుస్తుంది. ఆ జీఐలోనే మళ్లీ ఒకటి, రెండు, మూడు. కోరింతదగ్గు క్రిమి విషం వేస్తే అన్నీ కలిసి పడిపోతాయి, ఏది ఏ పని చేస్తోందో తేలదు. వల లాగుతున్నవాళ్లలో ఒకే పోలికున్న అన్నదమ్ములుంటే, బరువెవరి మీదుందో తెలియాలంటే ఒక్కొక్కడి చెయ్యి పట్టి ఆపి చూడాలి కదా!

ఆ పట్టు యాంటీబాడీది. అమెరికాలో ఆలెన్ స్పీగెల్ బృందం ప్రోటీన్ తోకలోని చివరి పది అమైనో ఆమ్లాలను విడిగా తయారుచేసి, కుందేళ్లకు ఎక్కించింది. కుందేలు రక్తంలో పుట్టిన యాంటీబాడీ ఆ తోకనే పట్టుకుంటుంది. జీఐ-2, జీఐ-3 తోకల్లో ఆ పదింటిలో తేడా రెండే. ఆ రెండూ చాలు, యాంటీబాడీ గుర్తుపడుతుంది.

డెంగీ జ్వరంలో పడిపోయే ప్లేట్‌లెట్లు మీకు తెలుసు. గుండెలోలా పెంచకుండా, వాటిలో అడ్రినలిన్ సైక్లిక్ ఏఎంపీ తయారీని తగ్గిస్తుంది. 1989లో ప్లేట్‌లెట్ల పొరల మీద జీఐ-2 యాంటీబాడీ వేస్తే అడ్రినలిన్ మాట చెల్లలేదు. జీఐ-3 యాంటీబాడీ వేస్తే మామూలుగానే చెల్లింది. కబురందుకునేది జీఐ-2 అని తేలింది. ప్రోటీన్‌ను పొర నుంచి పెరకకుండా, ఉన్నచోటే తేల్చడం నాకు ఇప్పటికీ అబ్బురమే.

2011లో కోబిల్కా బృందం లామా అనే ఒంటెజాతి జంతువు యాంటీబాడీ ముక్కతో, రిసెప్టర్‌ను అంటుకున్న జీ-ప్రోటీన్ విడిపోకుండా పట్టి, స్ఫటికం చేసి, ఎక్స్-కిరణాలతో చూసింది. జీ-ప్రోటీన్ తోక కొస రిసెప్టర్ కడుపులోకి చొచ్చుకుని ఉంది. కుందేలు యాంటీబాడీలు పట్టి ఆపింది సరిగ్గా ఆ కొసనే.