బలురక్కసి: గుర్తింపు, వైద్యోపయోగము, ప్రమాదము

(మునిసిపల్, తాలూకా అధికారుల నిమిత్తము గావించిన యుపన్యాసము)



బలురక్కసి మొక్కను చూడనివారు మీలో నుండరు. ఇది బాటల ప్రక్కలను, బీళ్లలోను, పెంటకుప్పల చెంతను, పైరుల నడుమను శీతకాలమున పెరిగి, వేసవి తొలినాళ్లలో కాయలు విచ్చును. దీనినే కొందరు బ్రహ్మదండి యందురు. కాని యా పేరు వేరు ముండ్లమొక్కలకును చెల్లుచున్నది. కావున పేరును నమ్మక, లక్షణములను బట్టియే నిర్ణయింపవలెను.

గుర్తులు: ఇది మోకాలియెత్తు మొదలు నడుమెత్తు వరకు పెరుగును. ఆకులకు కాడ లేదు. అంచులు లోతుగా చీలి ముండ్లు దేరి, బూడిదవన్నె యాకుపై తెల్లని యీనెలు చారలవలె కానవచ్చును. పువ్వు పసుపుపచ్చనిది, రేకులు 4 మొదలు 6 వరకు. ఏ భాగమును త్రుంచినను పసుపుపచ్చని పాలు కారును. ముండ్లమొక్కలలో దీనిని వేరుపరచుట కిదియే ముఖ్యమైన గుర్తు. కాయయు ముండ్లు గలదే. ఎండిన పిమ్మట కొనయందు విచ్చుకొని నల్లని చిన్న గింజలను రాల్చును. దీని జన్మస్థానము మెక్సికో ప్రాంతము.

వైద్యోపయోగము: పల్లెలలో దీని పాలను గజ్జికిని, పుండ్లకును పూయుదురు. కొందరు కంటిజబ్బులకును వేయుదురు. ఇది మాన్పింపదగిన యాచారము. గింజలనూనెను విరేచనమునకు వాడుటయు గలదు. ఆఫ్రికాలోని మాలి దేశమున దీని కషాయమును సామాన్య మలేరియాకు వైద్యుల పర్యవేక్షణలో నిచ్చి, ఆధునికౌషధముతో పోల్చి చూచిన ఫలితములు 2010లో ప్రకటితమైనవి. కాని ఆకుకు గల గుణము గింజకు చెల్లదు. గింజలనూనె విషము. మొక్క మందని పేరుపడినంతమాత్రమున దాని ప్రతి భాగమును మందని యెంచరాదు.

ప్రమాదము: గింజలోని సాంగ్వినరిన్ మొదలగు క్షారపదార్థములు సూక్ష్మరక్తనాళములను వ్యాకోచింపజేయును; రక్తద్రవము గోడలనుండి వెలికి స్రవించి కండలలో నిలుచును. తత్ఫలితముగా రెండు కాళ్లును వాచును, వ్రేలితో నొక్కిన గుంట పడును, చర్మ మెఱ్ఱవారును, విరేచనములు, ఆయాసము కలుగును. కొందరికి గుండె నీరసించి ప్రాణము పోవును. కంటిలో నొత్తిడి హెచ్చి చూపు చెడుటయు గలదు. వంటవేడిమిచే నీ విషము పోదు. ఇట్టి నూనెతో నొడలు మర్దించుకొన్నవారికిని రోగము వచ్చినట్లు వైద్యులు వ్రాసియున్నారు.

1877లో కలకత్తాయందు ఈ రోగము వర్ణింపబడెను. అప్పట్లో దీనిని బెరిబెరి యని పొరబడినవారు గలరు. 1926లో ఎస్. ఎల్. సర్కార్ గారు ఆవనూనెలో కలిసిన యీ గింజలనూనెయే కారణమని సూచించిరి. పిదప జరిగిన పరిశోధనలు దానిని స్థిరపరచినవి. ఇది పాతకాలపు కథ యని తలపరాదు. 1998లో ఢిల్లీయందు ఈ కల్తీవలన 60 మందికి పైగా మరణించిరి, వేలకొలది జబ్బుపడిరి.

ఆవపైరును బలురక్కసియు నించుమించు నొకే ఋతువున పండును. కోతలో గింజ తెలియక కలియవచ్చును. లాభాపేక్షచే తెలిసియే కలుపుటయు గలదు. తెలుగుదేశమున ఆవనూనె వాడుక తక్కువయే గాని, తాలింపునకును ఆవపిండికిని ఆవాలు ప్రతి యింటను గలవు. కావున మనమును ఏమరియుండరాదు.

అధికారులకు సూచనలు: మొదటిది, గానుగలలోను అంగళ్లలోను ఆవాలను తెల్లకాగితముపై పోసి భూతద్దముతో చూడవలెను. ఆవగింజ నున్నగా, గుండ్రముగా నుండును. బలురక్కసి గింజపై వలవంటి గరుకుగీతలును, ఒకవైపు చిన్న మొనయు నుండును. రెండవది, నూనెను పరీక్షానాళికలో 5 మిల్లీలీటర్లు తీసికొని, అంతే గాఢనత్రికామ్లమును జాగ్రత్తతో కలిపి కదపవలెను. ఆమ్లపుపొర నారింజవన్నె మొదలు ఎఱ్ఱవన్నె వరకు మారినచో అనుమానింపవలెను. ఇది తొలి పరీక్ష మాత్రమే. నిర్ధారణ ప్రయోగశాలలో జరుగవలెను. మూడవది, ఒకే యింట పెక్కురకు కాళ్లవాపు వచ్చి, తల్లిపాలు మాత్రమే త్రాగు శిశువు కుశలముగా నున్నచో, వెంటనే వంటనూనె నడుగవలెను. నాలుగవది, ఆ నూనె వాడుకను తక్షణము నిలిపి, నమూనాను ముద్రవేసి ఆహారభద్రతాధికారి కప్పగించి, అది కొన్న యంగడిని, అంగడికి పంపిన గానుగను విచారింపవలెను. ఈ విషమునకు ప్రత్యేకమైన విరుగుడు లేదు. కావున నూనె మానిపించుటయే ప్రథమచికిత్స. ఆయాసము గలవారిని ఆసుపత్రికి పంపుటలో జాగు చేయరాదు. ఐదవది, ఆవచేలలో నీ మొక్కను కాయ పండకమునుపే పెరికించునట్లు రైతులకు బోధింపవలెను.

పొలములో ఒక మొక్కను పెరుకుట తేలిక. గానుగ దాటిన నూనెను ఇంటింటినుండి మరల్చుట కష్టము. మీరు ఆ మొదటి చోటనే కన్ను వేసి యుంచవలెనని ప్రార్థించుచు విరమించుచున్నాను.