మన్రో దొర ఇంటి జాబులు



మన్రో దొర అనగానే మనవారికి దత్తమండలాలు, రైత్వారీ శిస్తులు జ్ఞప్తికి వస్తాయి. అంతకు ముందు, 1792 నుండి 1799 వరకు, ఆయన ఉద్యోగం ఈ బారామహలులోనే.

శిస్తు కట్టించుకొన్న దొరే గాని, ఇంటికి వ్రాసిన జాబుల్లో మనవంటి వలసవాడే. 1789లో సోదరికి వ్రాస్తూ, ఈ దేశానికి వచ్చిన మూడేండ్ల దాకా పుస్తకమో, తూటాల సంచియో తప్ప వేరే తలగడ ఎరుగనన్నాడు. చలికి పెద్దకోటు చేతుల్లో కాళ్లు దూర్చి, అంచులు తలమీదికి లాక్కొని పడుకొనేవాడట!

అమెరికా యుద్ధంతో గ్లాస్గోలో తండ్రి వ్యాపారం చెడింది. ఈయన జీతంలో మిగిల్చి పంపేవాడు.

1799లో కన్నడ తీరానికి వెళ్లవలసి వచ్చినప్పుడు, ఇల్లు విడిచిన నాటికన్న ఎక్కువ బెంగగా ఉన్నదని వ్రాశాడు. ధర్మపురిలో తాను పెంచుకొన్న తోట ఉన్నది మరి! బదిలీ కాగితం అందుకొన్న మా రైల్వేవారికి వేరే చెప్పనక్కరలేదు.

ఇంటివారు దాచబట్టి ఆ జాబులు 1830లో అచ్చుకెక్కాయి. మన ఇండ్లలో తీగకు గుచ్చిన కార్డులు ఏమైనవి?